పాయింటుకూ పాయింటుకూ మధ్య: తెర మీది టెన్నిస్

ప్రోతరాపూర్‌లో టెన్నిస్ చూసేవాళ్ళకు ఏడాదిలో నాలుగు రకాల పొద్దులు ఉంటాయి. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ తెల్లారగట్ల అయిదున్నరకే మొదలవుతుంది. మెల్‌బోర్న్ వాళ్ళు రాత్రి మ్యాచ్ అనేది ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, అన్నం తిని కూర్చునే వేళకు వస్తుంది. మే నెలాఖరులో ఫ్రెంచ్ ఓపెన్ మధ్యాహ్నం రెండున్నరకు మొదలై, పారిస్‌లో దీపాల కింద ఆడే మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి మనకు దాదాపు అర్ధరాత్రి అవుతుంది. వింబుల్డన్ సాయంత్రపు ఆట. సెంటర్ కోర్టులో తొలి సర్వీసు పడేసరికి ఆరు గంటలు. ఆంధ్రలో ఇంకా ఎండ పొడ ఉంటుంది కానీ అండమాన్‌లో అప్పటికే దీపాలు పెట్టేస్తారు. దేశమంతటికీ ఒకటే గడియారం పెట్టుకున్నాం గానీ సూర్యుడు ఈ దీవుల్లో ముందే లేచి ముందే కుంకుతాడు. ఆగస్టు చివర అమెరికా ఓపెన్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. న్యూయార్క్ రాత్రి మ్యాచ్ తెల్లవారుజాము నాలుగున్నరకు.

శ్రీవిజయపురానికి, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి, ఆనుకుని ఉంటుంది ప్రోతరాపూర్. పేరు చెప్పగానే దీవుల్లో చాలామందికి జిల్లా జైలు గుర్తొస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలవాళ్ళు. టెన్నిస్ ఇక్కడికి టీవీతో రాలేదు. రాస్ దీవిలో, 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవిగా పిలుస్తున్న చోట, బ్రిటిష్ అధికారులకు చర్చి, నాట్యశాల, ఈతకొలనులతో పాటు టెన్నిస్ కోర్టు కూడా ఉండేది. అవతలి ఒడ్డున సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది. ఇటు ఖైదీలు గానుగ తిప్పుతుంటే అటు దొరలు బంతి ఆడుకున్నారు. ఆటకు పిలుపు అందినవాళ్ళు వేరు, అందనివాళ్ళు వేరు. ఇవాళ పిలుపు అందరికీ అందుతోంది. అయితే లోపలికి వచ్చాక కూర్చోబెట్టి ఆట చెప్పేవాళ్ళు ఉన్నారా అన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న. పెద్ద టోర్నీని కెమెరా ఎలా చూపిస్తోంది, స్టూడియో దానికి ఏం కలుపుతోంది, తెలుగు ఇంట్లో కూర్చున్న మనిషికి చివరికి ఎంత దక్కుతోంది? చూపించడంలో ఇంత గొప్ప కాలం మునుపెన్నడూ లేదు. విడమరిచి చెప్పడంలో మాత్రం వెనకబడిపోయాం. మన భాష సంగతికొస్తే ఆ పని ఇంకా సరిగ్గా మొదలే కాలేదన్నది నా అభిప్రాయం.

ముందు బొమ్మ ఇల్లు చేరే దారి. కేబులూ డిష్షూ మామూలైపోయిన ప్రధాన భూభాగపు పాఠకులకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ మొదలుపెట్టినప్పుడు దాని ఉపగ్రహం పంపే కేయూ బ్యాండు సిగ్నల్ ఈ దీవులకు అందలేదు. అందుకని అండమాన్ నికోబార్ కోసం విడిగా సీ-బ్యాండులో పది చానెళ్ళ సర్వీసు పెట్టారు. సీ-బ్యాండుకు పెద్ద డిష్ కావాలి, కానీ వానకు అంతగా లొంగదు. కేయూ బ్యాండు సిగ్నల్‌ను గట్టి వాన మింగేస్తుంది. నైరుతి రుతుపవనం దేశంలో ముందుగా తాకేది ఈ దీవులనే, అదీ ఫ్రెంచ్ ఓపెన్ మొదలయ్యే రోజుల్లోనే. వింబుల్డన్ జరిగే రెండు వారాలూ ఇక్కడ నడివానాకాలం. లండన్‌లో వాన పడితే కప్పు మూసి ఆట సాగిస్తారు, ఇక్కడ వాన పడితే తెర మీద బొమ్మ ఆగిపోతుంది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. మొత్తం 2,300 కిలోమీటర్ల పైచిలుకు ఆప్టికల్ ఫైబర్ శ్రీవిజయపురంతో పాటు కార్ నికోబార్, లిటిల్ అండమాన్, రంగత్ వంటి చోట్లకూ చేరింది. అంతకుముందు ఇంటర్నెట్ కూడా ఉపగ్రహం మీదే ఆధారపడేది. లైవ్ మ్యాచ్ ఫోన్‌లో చూడాలంటే బొమ్మ కన్నా చుట్టూ తిరిగే చక్రమే ఎక్కువసేపు కనిపించేది. ఆ కేబుల్ తరువాతే ఈ దీవుల కుర్రాడు పదో నంబరు కోర్టులో జరిగే తొలి రౌండు మ్యాచ్‌ను తనకు నచ్చినట్టు ఎంచుకుని చూడగలుగుతున్నాడు.

టీవీ టెన్నిస్‌ను మోసుకొచ్చిందని మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. టెన్నిస్‌ను చాలావరకు మార్చింది కూడా టీవీయే. బీబీసీ వింబుల్డన్‌ను తొలిసారి 1937 జూన్‌లో ప్రసారం చేసింది. అప్పటికి లండన్ చుట్టుపక్కల కొద్ది వేల ఇళ్ళలోనే సెట్లు ఉండేవి. 1967 జులై 1న బ్రిటన్‌లో తొలి రంగుల ప్రసారం కూడా వింబుల్డన్‌దే. అప్పుడు బీబీసీ 2ను నడుపుతున్నది తరువాత ప్రకృతి చిత్రాలతో లోకమంతా ఎరిగిన డేవిడ్ అటెన్‌బరో. రంగులు వచ్చాక తెల్ల బంతి గీతల్లో కలిసిపోయి కనిపించడం లేదని తేలింది. 1972లో అంతర్జాతీయ సమాఖ్య పసుపు బంతిని అనుమతించింది. వింబుల్డన్ మాత్రం 1986 దాకా తెల్ల బంతినే పట్టుకుని కూర్చుంది.

టైబ్రేక్ కథా ఇలాంటిదే. సెట్ ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆటను కార్యక్రమాల పట్టీలో ఇరికించడం చానెళ్ళకు గండంగా ఉండేది. 1970లో అమెరికా ఓపెన్, మరుసటి ఏడాది వింబుల్డన్ టైబ్రేక్ పెట్టాయి. అయినా చివరి సెట్‌ను మాత్రం వింబుల్డన్ చాలాకాలం తెంపులేకుండా వదిలేసింది. దాని ఫలితమే 2010లో ఇస్నర్, మాహు మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు ఆడిన మ్యాచ్. చివరి సెట్ 70-68. స్కోరుబోర్డు 47-47 దగ్గర లెక్క చాలక ఆగిపోయింది. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ చివరి సెట్ 6-6 దగ్గర పది పాయింట్ల టైబ్రేక్‌తో ముగుస్తోంది. రాత్రి మ్యాచ్‌లు అమెరికాలో 1975లో మొదలైతే, పారిస్‌కు 2021లో వచ్చాయి. అక్కడ ఆ మ్యాచ్‌ల హక్కులు అమెజాన్ కొనుక్కుంది. సీబీఎస్ కోసం అమెరికా ఓపెన్‌లో ఏళ్ళ తరబడి పురుషుల సెమీఫైనల్ శనివారం, ఫైనల్ ఆదివారం ఆడించారు. అయిదు సెట్లు ఆడిన మనిషికి ఒక్క రాత్రి విశ్రాంతి. టీవీ కోసం ఆటగాడి కాళ్ళను అంతగా పణం పెట్టడం నాకు అప్పుడూ ఇప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. 2025లో వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్స్‌ను లండన్ సమయం సాయంత్రం నాలుగుకు జరిపారు. మనకు రాత్రి ఎనిమిదిన్నర, అందరూ ఇంట్లో ఉండే వేళ. మన కోసం జరపలేదు, అమెరికా ప్రేక్షకుల ఉదయాన్ని లెక్కలో పెట్టుకుని జరిపారు. అయినా లాభం మనకూ దక్కింది.

ఇక బొమ్మ. గ్రాండ్‌స్లామ్‌లో ఆతిథ్య ప్రసారకర్త అని ఒకరుంటారు. కోర్టుల చుట్టూ కెమెరాలన్నీ వాళ్ళవే. వాళ్ళు తీసిన బొమ్మే అన్ని దేశాలకూ వెళ్తుంది. వింబుల్డన్‌కు ఈ పని దశాబ్దాలు బీబీసీ చేసింది, 2018 నుంచి ఆ క్లబ్బే సొంత సంస్థ పెట్టుకుని చేయించుకుంటోంది. అంటే ప్రోతరాపూర్‌లో చూసేదీ పారిస్‌లో చూసేదీ ఒకటే బొమ్మ. తేడా అంతా దాని మీద పలికే గొంతులో, దాని ముందూ వెనకా కూర్చునే స్టూడియోలో ఉంటుంది. వ్యాసంలో ఎక్కువ చోటు ఈ రెండింటికీ ఇస్తున్నది అందుకే.

ముందు ఆ బొమ్మ దాచేదేమిటో చెప్పాలి. టెన్నిస్‌లో ప్రధాన కెమెరా ఒక బేస్‌లైన్ వెనక, ఎత్తున ఉంటుంది. కోర్టు మొత్తం ఒకే చట్రంలో కనపడడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే ఆ కోణంలో 23.77 మీటర్ల పొడవున్న కోర్టు కుదించుకుపోతుంది. వెడల్పు బాగా తెలుస్తుంది, పొడవు తెలియదు. బంతి ఎంత కుడికి, ఎంత ఎడమకు వెళ్ళిందో చూస్తాం. నెట్ మీద ఎంత ఎత్తున దాటింది, బేస్‌లైన్‌కు ఎంత లోపల పడింది, పడ్డాక భుజం దాకా ఎగిరిందా మోకాలి దగ్గరే జారిందా అన్నది అంతగా తెలియదు. నడాల్ ఫోర్‌హ్యాండ్ బంతి నిమిషానికి మూడు వేలకు పైగా తిరుగుళ్ళు తిరిగేది. మట్టికోర్టు మీద అది పడి లేచి ఎదుటివాడి ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు చెవి దగ్గర తగిలేది. ఫెదరర్‌ను పారిస్‌లో ఏళ్ళ తరబడి ఇబ్బంది పెట్టింది ఆ ఎత్తే. పై కెమెరాలో మాత్రం అది మామూలు క్రాస్‌కోర్టు ర్యాలీలాగే కనిపిస్తుంది. కోర్టు పక్కన నేలకు దగ్గరగా పెట్టిన కెమెరాకు మారితేనే ఆ బంతి బరువు తెలుస్తుంది. మంచి దర్శకుడు రీప్లేకు ఆ కోణాన్ని ఎంచుకుంటాడు. హడావుడి దర్శకుడు ఆటగాడి ముఖం, గ్యాలరీలో కూర్చున్న కోచ్ ముఖం, సినిమా తార ముఖం చూపించి తరువాతి పాయింటుకు వెళ్ళిపోతాడు.

ఇక్కడే వ్యాఖ్యాత అవసరం. తెర చూపించలేని ఆ మూడో కొలతను మాటతో పూరించడం అతని మొదటి విధి అని నేను గట్టిగా నమ్ముతాను. బంతి లోపల పడిందని చెప్పనక్కర్లేదు, అది మనకే కనిపిస్తుంది. రిటర్న్‌కు నిలబడ్డవాడు గత గేమ్ కన్నా రెండడుగులు ఎందుకు వెనక్కి జరిగాడో చెప్పాలి.

టెన్నిస్ వ్యాఖ్యానంలో రెండు పాత సంప్రదాయాలున్నాయి. బ్రిటన్‌ది మౌన సంప్రదాయం. 1950ల తొలినాళ్ళ నుంచి 1991 దాకా బీబీసీ టీవీలో వింబుల్డన్ గొంతు డాన్ మాస్కెల్‌ది. ఆయన ముందు టెన్నిస్ శిక్షకుడు, ఆ తరువాతే వ్యాఖ్యాత. పాయింటు నడుస్తున్నంతసేపూ మాట్లాడకపోవడం, ముగిశాక ఒకటి రెండు మాటలతో సరిపెట్టడం ఆయన పద్ధతి. రాకెట్ తీగల చప్పుడు, జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టడం, ఇవి ఆయన వదిలిన ఖాళీలో వినిపించేవి. అమెరికాది సందడి సంప్రదాయం. ఎన్‌బీసీ 1979లో వింబుల్డన్ ఫైనల్‌ను అక్కడి ఉదయపు ఫలహారాల వేళకు ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టింది. రంగురంగుల ప్యాంట్లు వేసుకునే బడ్ కాలిన్స్ మారుపేర్లు పెడుతూ, చరిత్ర గుప్పిస్తూ మాట్లాడేవాడు. ఆయనకు ఆట లోతు తెలుసు గనుక ఆ సందడిలో సారం ఉండేది. తరువాత ఎందరో సందడిని అందిపుచ్చుకున్నారు, సారాన్ని వదిలేశారు.

మన దేశానికి ఈ రెండూ కలిసిన గొంతు ఒకటి దొరికింది. 1980లలో దూరదర్శన్ చూపించిన వింబుల్డన్ చివరి మ్యాచ్‌లతో ఒక తరం బెకర్‌నూ ఎడ్బర్గ్‌నూ ఎరిగింది. 1991లో స్టార్ టీవీ వచ్చాక ప్రైమ్ స్పోర్ట్స్, ఆ తరువాత స్టార్ స్పోర్ట్స్ టోర్నీని మొత్తంగా ఇళ్ళకు తెచ్చాయి. విజయ్ అమృత్‌రాజ్, అలన్ విల్కిన్స్ జంట ఏళ్ళ తరబడి వింబుల్డన్‌కు మన కిటికీ అయ్యారు. అమృత్‌రాజ్ 1973లోనూ 1981లోనూ అక్కడ క్వార్టర్ ఫైనల్ ఆడినవాడు. గడ్డి మీద అడుగు ఎలా వేయాలో కాళ్ళతో తెలిసినవాడు. విల్కిన్స్ అడిగే ప్రశ్న ప్రేక్షకుడి ప్రశ్నలాగే ఉండేది, అమృత్‌రాజ్ జవాబు కోర్టులోంచి వచ్చినట్టు ఉండేది. తెలియనివాడు సూటిగా అడగడం, తెలిసినవాడు ఓపిగ్గా చెప్పడం. స్టూడియో ప్రదర్శనకు ఇంతకన్నా నమ్మకమైన పునాది నాకు కనిపించలేదు.

బీబీసీలో సూ బార్కర్ విజయ రహస్యమూ అదే. 1976లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన క్రీడాకారిణి ఆమె. సమర్పకురాలిగా కూర్చున్నప్పుడు తనకు తెలిసినదంతా చెప్పాలని చూడలేదు. పక్కన కూర్చున్న మాజీ ఛాంపియన్ల చేత చెప్పించింది. ఏం అడగాలో తెలియాలంటే తనకు ఆట తెలిసి ఉండాలి కదా. 2022 వింబుల్డన్‌తో ఆమె తప్పుకుంది, మరుసటి ఏడాది క్లేర్ బాల్డింగ్ ఆ కుర్చీలోకి వచ్చింది. యూరోస్పోర్ట్‌లో ఏడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మాట్స్ విలాండర్, బార్బరా షెట్ కలిసి నడిపిన కార్యక్రమం మరో మంచి ఉదాహరణ. విలాండర్ ఎవరినీ పొగడ్తలతో ముంచడు, ఎందుకు ఓడారో నిర్మొహమాటంగా చెబుతాడు. ఓడినవాళ్ళ మీద గౌరవం మాత్రం తగ్గనివ్వడు.

సమర్పకుడు హద్దు తప్పితే ఏమవుతుందో 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో చూశాం. ఛానెల్ నైన్ సమర్పకుడు టోనీ జోన్స్ సెర్బియా అభిమానుల గుంపు ముందు నిలబడి జకోవిచ్‌నూ వాళ్ళనూ వెక్కిరించాడు. తరువాతి మ్యాచ్ గెలిచిన జకోవిచ్ కోర్టులో ఇవ్వాల్సిన ఇంటర్వ్యూ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. చివరికి జోన్స్, ఆ చానెల్ క్షమాపణ చెప్పారు. వినోదం పేరుతో ఆటగాణ్ణి ఆటబొమ్మ చేసే అలవాటు అక్కడితో మొదలవలేదు. అక్కడ అందరికీ కనిపించింది, అంతే.

మన స్టూడియోల పరిస్థితి వేరు. ఇండియాలో వింబుల్డన్ స్టార్ దగ్గర, ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్లు సోనీ దగ్గర ఉన్నాయి. సోనీ ‘ఎక్స్‌ట్రా సర్వ్’ పేరుతో స్టూడియో కార్యక్రమం నడుపుతోంది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ అందులో కూర్చున్నాడు. 2023 ఫ్రెంచ్ ఓపెన్‌కు ముందు సానియా మీర్జాను ఆ నెట్‌వర్క్ తన టెన్నిస్ ప్రచారకర్తగా తీసుకుంది. ఇది మంచి మార్పు. అయితే మన స్టూడియోలు ఉండేది మైదానంలో కాదు, చాలావరకు ముంబయిలో. తెర మీది బొమ్మ చూసి మాట్లాడే వ్యాఖ్యానం అంటే మనం చూసేదే వాళ్ళూ చూస్తున్నారన్నమాట. గాలి ఎటు వీస్తోందో, బంతులు ఎంత బరువెక్కాయో వాళ్ళకూ తెలియదు. దీన్ని తప్పుపట్టను, ఖర్చు ఖర్చే. అలాంటప్పుడు మైదానపు కబుర్లు నటించకుండా విశ్లేషణ మీద బతకాలి. ఆటగాడు సర్వీసు ఎటు కొడుతున్నాడు, 30-40 దగ్గర ఎటు మారుస్తున్నాడు, రెండో సర్వీసు మీద ఎన్ని పాయింట్లు పోగొట్టుకుంటున్నాడు? గీతలు గీసి చూపడానికి ముంబయి స్టూడియోకు ఏ అడ్డూ లేదు.

అడ్డు ప్రకటనల దగ్గర వస్తుంది. టెన్నిస్‌లో ఆటగాళ్ళు కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు కూర్చుంటారు, సెట్టు ముగిశాక 120 సెకన్లు. సెట్టులో మొదటి గేమ్ తరువాత కూర్చోరు. 6-4తో ముగిసే సెట్టులో మూడు, అయిదు, ఏడు, తొమ్మిది గేముల తరువాత నాలుగు సార్లు, సెట్టు చివర ఒకసారి కూర్చుంటారు. మొత్తం ఎనిమిది నిమిషాలు. ఆట నడుస్తున్నప్పుడు కూడా బంతి నిజంగా కదిలే సమయం అయిదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు. టెన్నిస్ అసలు కథంతా ఆ ఖాళీల్లో నడుస్తుంది. తువ్వాలు పట్టుకుని నిలబడ్డవాడి కళ్ళలో, కుర్చీలో కూర్చుని రాకెట్ తీగలు సర్దుకునేవాడి చేతుల్లో. ఆతిథ్య ప్రసారకర్త ఆ 90 సెకన్లలో నెమ్మది రీప్లేలు, లెక్కలు, కోచ్ సైగలు పంపిస్తాడు. అవేవీ మన ఇంటికి రావు. పాయింటు పడి చప్పట్లు ఆగకముందే సబ్బు ప్రకటన వస్తుంది. చాలాసార్లు తిరిగి వచ్చేసరికి కొత్త గేమ్‌లో స్కోరు 15-0. ఒక చానెల్ అని కాదు, ఏళ్ళ తరబడి ఎక్కడ చూసినా ఇదే అనుభవం. డబ్బు రావాలి, కాదనను. నాలుగు విరామాల్లో రెండింటిని ప్రకటనలకిచ్చి రెండింటిని విశ్లేషణకు వదిలితే ఎవరూ దివాలా తీయరు.

గీత మీద పడ్డ బంతి సంగతి ఇక్కడే చెప్పాలి, స్టూడియో పనిముట్టు ఆట నియమంగా మారడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. బంతి ఎక్కడ పడిందో కెమెరాలతో లెక్కగట్టే హాక్-ఐని మొదట టీవీ ప్రేక్షకులకు వివరించడానికే వాడారు. 2004 అమెరికా ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ కొట్టిన బంతులు లోపల పడినా బయట అని తీర్పులొచ్చాయి. ఇంట్లో కూర్చున్నవాళ్ళందరికీ నిజం కనిపిస్తోంది, కుర్చీలో కూర్చున్న అంపైర్‌కు కనిపించడం లేదు. రెండేళ్ళకు, 2006లో, ఆటగాడు సవాలు చేసే పద్ధతి అదే టోర్నీకి వచ్చింది. 2021లో ఆస్ట్రేలియన్ ఓపెన్ లైన్ జడ్జిలను పూర్తిగా తీసేసింది, 2025లో వింబుల్డన్ కూడా. ఆ తొలి ఏడాదే పావ్లుచెంకోవా, సోనే కార్టల్ మ్యాచ్‌లో యంత్రాన్ని కాసేపు పొరపాటున ఆపేశారు. కార్టల్ కొట్టిన బంతి బయట పడినా ఏ పిలుపూ రాలేదు, పాయింటు మళ్ళీ ఆడించారు. టీవీ రీప్లేలో బంతి బయట పడడం కనిపిస్తూనే ఉంది. ఇరవై ఏళ్ళ తరువాత కూడా కోర్టులో ఉన్న మనిషి కన్నా ఇంట్లో ఉన్న మనిషికే ముందు తెలిసింది. పారిస్‌లో మాత్రం మట్టి మీద బంతి వదిలిన గుర్తును అంపైర్ దిగి వెళ్ళి చూస్తాడు. తెర మీద అంత నాటకీయంగా కనిపించే దృశ్యం మరొకటి లేదు.

హక్కుల విషయంలో ఒక్క మాట. 2025లో ఆస్ట్రేలియన్ ఓపెన్ నిర్వాహకులు యూట్యూబ్‌లో ఆటగాళ్ళను కార్టూన్ బొమ్మలుగా మార్చి మ్యాచ్‌లు చూపించారు. అసలు దృశ్యాల హక్కులు చానెళ్ళకు అమ్మేసుకున్నారు గనుక తమ టోర్నీని తామే ఉచితంగా చూపలేని స్థితి. 

భారతీయ ప్రేక్షకుడికి అన్నిటికన్నా పెద్ద లోటు డబుల్స్. మన గ్రాండ్‌స్లామ్ చరిత్ర దాదాపు అంతా డబుల్స్‌లోనే ఉంది. 1999లో పేస్, భూపతి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఫైనల్ చేరి ఫ్రెంచ్, వింబుల్డన్ గెలిచారు. సానియా ఆరు టైటిళ్ళూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనే. వాటిలో మూడు 2015, 2016లలో మార్టినా హింగిస్‌తో కలిసి గెలిచినవి. 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. రోహన్ బోపన్న 2024 జనవరిలో 43 ఏళ్ళ వయసులో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. కానీ ప్రపంచ ప్రసారం నడిచేది సింగిల్స్ చుట్టూ. డబుల్స్ తొలి రౌండ్లు బయటి కోర్టుల్లో, తక్కువ కెమెరాలతో జరుగుతాయి. నెట్ దగ్గర నిలబడ్డవాడు వీపు వెనక వేళ్ళతో చేసే సైగ, సర్వీసు పడగానే అడ్డంగా దూకే పోచింగ్, ఇద్దరూ ఒకే వైపు నిలబడే ఆస్ట్రేలియన్ అమరిక, ఇవన్నీ పై కెమెరాలో చాలా బాగా కనిపిస్తాయి. చెప్పేవాళ్ళుంటే ఇంటిల్లిపాదీ ఆనందంగా చూసే ఆట అది. ఒక భారతీయ స్టూడియో డబుల్స్‌ను ప్రధాన అంశంగా పెట్టుకుంటే ప్రపంచంలో ఎవరూ చేయని పని చేసినట్టవుతుంది, అదీ తన ప్రేక్షకుడి హృదయానికి దగ్గరగా.

ఇక తెలుగు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి సానియా డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. అదే ఏడాది అమెరికా ఓపెన్‌లో నాలుగో రౌండు చేరింది. తెలుగు వార్తా చానెళ్ళు అప్పుడే ఊపందుకుంటున్నాయి. ఆమె మీద గంటల తరబడి కార్యక్రమాలు వచ్చాయి. వేసుకున్న దుస్తుల మీద చర్చలు, ఆ తరువాత పెళ్ళి మీద చర్చలు. ఆ ఫోర్‌హ్యాండ్‌ను అంత బలంగా ఎలా కొడుతుంది, రెండో సర్వీసు ఎందుకు తడబడుతుంది, డబుల్స్‌కు మారాక ఆ బలం ఎలా పనికొచ్చింది, వీటి మీద స్టూడియోలో కూర్చుని పది నిమిషాలు మాట్లాడినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. మన ఇంటి అమ్మాయి ప్రపంచ శిఖరానికి ఎక్కుతున్నప్పుడు ఆమె ఆటను మన భాషలో ఎవరూ విప్పి చెప్పలేదు. నాకది ఇప్పటికీ బాధే.

తరువాత వసతులు వచ్చాయి. 2018లో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు మొదలైంది. 2021 జూన్‌లో తమిళం, తెలుగు కోసం సోనీ టెన్ 4 వచ్చింది, ఫ్రెంచ్ ఓపెన్ కూడా తెలుగు వ్యాఖ్యానంతో ప్రసారమైంది. తెలుగు గొంతు వినపడటం చిన్న విషయం కాదు. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి మాజీ ఆటగాళ్ళు కూర్చుని పిచ్ గురించి, ఫీల్డింగ్ అమరిక గురించి మాట్లాడుతుంటే క్రికెట్‌కు తెలుగులో ఒక విశ్లేషణ భాష తయారైంది. టెన్నిస్‌కు అలాంటి మనుషులు లేక కాదు. విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని 2016 అమెరికా ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాలో అయిదు సెట్లు పోరాడి ఓడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి స్వర్ణం గెలిచాడు. హైదరాబాదు విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన ఆడాడు. కండరాలు పట్టేసిన అయిదో సెట్టులో సర్వీసు ఎలా చేయాలో మైనేనికి తెలుసు. పేస్ నెట్ దగ్గర ఏం గొణుగుతాడో విష్ణువర్ధన్‌కు తెలుసు. వీళ్ళను రెండు వారాలు కూర్చోబెట్టి, పక్కన బాగా అడగడం తెలిసిన ఒక సమర్పకుణ్ణి పెడితే చాలు.

చట్టం కూడా ఒక దారి తెరిచి ఉంచింది. 2007లో వచ్చిన క్రీడా ప్రసార సంకేతాల చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న పోటీల సిగ్నల్‌ను హక్కుదారు ప్రసార భారతికి ఇవ్వాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకే పోతుంది. డేవిస్ కప్‌లో భారత్ ఆడే పోటీలూ, గ్రాండ్‌స్లామ్ చివరి దశ మ్యాచ్‌లూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన భూతల ప్రసారాల్లో, ఉచిత డిష్‌లోనే చూపాలని, ప్రైవేటు కేబుల్‌కు ఇవ్వకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతటా పాత భూతల ట్రాన్స్‌మీటర్లు మూసేసినా, అండమాన్ నికోబార్ లాంటి కీలక ప్రాంతాల్లో కొన్నింటిని ఉంచారు. అంటే చందా కట్టలేని ఇంటికి పెద్ద మ్యాచ్ చేరగల దారి ఇంకా ఉంది. దూరదర్శన్ తెలుగు చానెళ్ళు సప్తగిరి, యాదగిరి అలాంటి మ్యాచ్‌లకు తెలుగు వ్యాఖ్యానం జోడించవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక గది, ఒక తెర, ఇద్దరు మనుషులు కావాలి. ఏడాదికి ఎనిమిది సింగిల్స్ ఫైనల్స్, మనవాళ్ళు ముందుకు వెళ్తే మరికొన్ని. ఆకాశవాణి తెలుగులో క్రికెట్ వ్యాఖ్యానం మొదలుపెట్టిన రోజుల్లో అంతకన్నా ఎక్కువ వసతులేమీ లేవు.